రేవు వెనక ఊళ్ళు

పోయిన నెల బందరులో, అంటే మచిలీపట్నంలో, ఒక కాలేజీవాళ్ళు తీరప్రాంత చరిత్ర మీద రెండు రోజుల సదస్సు పెట్టారు. రెండో రోజు మధ్యాహ్నం, భోజనాలయ్యాక మొదటి సెషన్. ఒక పెద్దాయన బందరు పూర్వవైభవం గురించి గంటసేపు, కాగితం చూడకుండా, చాలా బాగా చెప్పారు. కొత్త రేవు పూర్తయిన రోజున ఆ వైభవం మళ్ళీ మన కళ్ళ ముందుకొస్తుందన్నారు. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను.

అప్పుడు వెనక వరసలోంచి ఒకమ్మాయి లేచింది. డిగ్రీ రెండో సంవత్సరం అనుకుంటాను, వాలంటీరు బ్యాడ్జీ పెట్టుకుంది. పొద్దున మాకు టీ కప్పులు అందించిన పిల్లే.

"సార్, అప్పట్లో ఓడలు మన దగ్గర్నుంచి బట్టలు తీసుకెళ్ళేవన్నారు కదా. ఇప్పుడు ఏం తీసుకెళ్తాయి సార్?"

ఆయన బొగ్గు, ఎరువులు, కంటైనర్లు అంటూ మొదలుపెట్టారు.

"అవి వచ్చేవి సార్. వెళ్ళేవి ఏంటని."

"రేవంటూ ఉంటే అన్నీ అవే వెళ్తాయమ్మా" అన్నారాయన. ఈలోగా టైము అయిపోయింది, తర్వాతి వక్త మైకు దగ్గరికొచ్చారు. ఆయన్ని నేను తప్పు పట్టను. పాత దస్తావేజులు చదివే మనిషిని రేపటి సరుకుల జాబితా అడిగితే ఏం చెప్పగలరు? కానీ ఆ అమ్మాయి కూర్చున్నాక మొహంలో కనిపించిన అసంతృప్తి నాతోపాటు రైలెక్కి ఖమ్మం దాకా వచ్చింది. నెలరోజులుగా దాన్నే తిప్పి తిప్పి ఆలోచిస్తున్నాను.

నాకు తోచింది ఇదీ. "రేవు వస్తే వైభవం వస్తుంది" అనే మాటను మనం తలకిందులుగా పట్టుకున్నాం. బందరు విషయంలో ముందు వైభవం ఉంది, అది వెనకున్న ఊళ్ళల్లో ఉంది. ఆ ఊళ్ళు తమ సరుకు దాటించుకోవడానికి సముద్రం ఒడ్డున ఒక చోటు చూసుకున్నాయి. ఆ చోటు పేరు బందరు.

నేను చరిత్ర మనిషిని కాదు, కామర్స్ చెబుతాను. సదస్సుకి నన్ను పిలవడానికి కారణం నాగులవంచ. మా ఖమ్మం పక్కనే ఉంటుంది, రైలు స్టేషన్ కూడా ఉంది. పదిహేడో శతాబ్దం చివర్లో అక్కడ డచ్చి కంపెనీకి గిడ్డంగి ఉండేది. సముద్రం కంటికి కనబడని చోట, చెరువులూ చేలూ తప్ప ఏమీ లేని ఊళ్ళో డచ్చివాళ్ళకేం పని? దాని మీదే ఇరవై నిమిషాలు మాట్లాడి వచ్చాను. కాబట్టి బందరును నేను చూసింది సముద్రం వైపు నుంచి కాదు, వెనక వైపు నుంచి. నా వాదనలో ఆ పక్షపాతం కొంత ఉందనే అనుకోండి.

మంచి రేవేమీ కాదు

మొదటి రోజు సాయంత్రం సదస్సు త్వరగా అయిపోతే ఆటో మాట్లాడుకుని గిలకలదిండి వెళ్ళాను. చేపల పడవలు నిలిచే చోటు అది. నేను వెళ్ళేసరికి నాలుగైదు మరపడవలు లోపలికి రావాల్సినవి బయటే ఆగి ఉన్నాయి. ఒడ్డున ఇద్దరు ఆడవాళ్ళు ఖాళీ తట్టలు బోర్లించుకుని వాటి మీద కూర్చున్నారు.

"ఎందుకమ్మా ఆగిపోయినయ్?" అనడిగాను.

"పోటు రావాలండీ. సముద్రంలోకెళ్ళే మొగ పూడిపోయింది. ఇప్పుడొస్తే మేట మీద కూర్చుంటయ్" అందొకావిడ. "చేప అక్కడే ఉంది, మంచు అయిపోతంది, ఏం చేస్తాం" అని మళ్ళీ సముద్రం వైపు తిరిగింది. ఆ చేప ఎన్ని గంటలు తాజాగా ఉంటుందో ఆవిడకి లెక్క తెలుసు. గంట గడిచేకొద్దీ ధర ఎంత పడుతుందో కూడా.

కృష్ణ తెచ్చిపోసే ఒండ్రు ఈ తీరమంతా పరుచుకుని ఉంటుంది. మంగినపూడి వెళ్ళినవాళ్ళకి తెలుసు, పాదాల కింద ఇసుక కన్నా నల్లమట్టే తగులుతుంది. చాలా దూరం నడిచినా నీళ్ళు మోకాలు దాటవు. ఇలాంటి చోట పెద్ద ఓడ ఒడ్డుకి రాలేదు. అప్పుడూ రాలేదు. ఓడలు మైళ్ళ దూరాన లంగరు వేసుకుని ఉంటే, చిన్న పడవల్లో మూటలు వేసుకుని వాటి దగ్గరికి వెళ్ళేవారు. ఒక్కో మూటనీ మనుషులు భుజాన ఎత్తి పడవలోకి, పడవలోంచి ఓడలోకి మార్చేవారు.

దీనికి ఎదురు సాక్ష్యం ఉంది, దాచను. వజ్రాల వర్తకుడు తావెర్నియే 1652లో పర్షియాలోని బందర్ అబ్బాస్ దగ్గర గోల్కొండ సుల్తాను ఓడే ఎక్కి ఈ బందరులో దిగాడు. ఊళ్ళో ఇళ్ళన్నీ కొయ్యతో కట్టిన నాసిరకం ఇళ్ళంటూనే, లంగరు వెయ్యడానికి మాత్రం బంగాళాఖాతంలో ఇంతకు మించిన చోటు లేదని రాసుకున్నాడు. సదస్సులో కూడా ఒకరు ఈ ముక్క చెప్పారు. అయితే లంగరు చోటు వేరు, రేవు వేరు. ఓడ కదలకుండా నిలబడటానికి అనువైన జాగా అని ఆయన మెచ్చుకున్నాడు. నిలబడ్డ ఓడకీ ఊరికీ మధ్య ఉన్న ఆ బురదని ప్రతి రోజూ దాటించింది మనుషులు. అక్కణ్ణుంచి బర్మాలోని పెగూకి, అరకాన్‌కి, ఇప్పుడు థాయిలాండ్ అంటున్న సయాంకి, మక్కా వైపుకి ఓడలు వెళ్ళేవని కూడా ఆయనే రాశాడు. ఇంత బురద ఉండి కూడా ఇన్ని చోట్లకి ఓడలు వెళ్ళాయంటే, ఆ బురద దాటడానికి తగినంత లాభం ఆ మూటల్లో ఉండి ఉండాలి.

గోల్కొండ అనగానే అందరూ వజ్రాలంటారు. వజ్రం నడుముకు కట్టుకుంటే పోతుంది, దానికి రేవు అక్కర్లేదు. రేవును నిలబెట్టింది బట్టల మూటలు.

సరుకు ఎక్కడిది

బెజవాడ నుంచి బందరు 70 కిలోమీటర్లు. బస్సు కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు, నిడుమోలు మీదుగా పోతుంది. ఇది 65వ నంబరు జాతీయ రహదారి. పుణెలో మొదలై హైదరాబాదు, సూర్యాపేట, బెజవాడ దాటి బందరులో ఆగిపోతుంది. బస్సు కిటికీ పక్కన కూర్చుని ఆ పచ్చటి బోర్డు చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. గోల్కొండ నుంచి బెజవాడ మీదుగా బందరుకి ఎడ్లబళ్ళు నడిచిన పాత దారికి ఇది ఇంచుమించు వారసురాలు. బెజవాడలో ఈ దారిని ఇప్పటికీ బందరు రోడ్డనే అంటారు, దాని పక్కన బందరు కాలవ. పేర్లలో మాత్రం అందరూ ఇంకా రేవుకే పోతున్నారు.

ఈ తీరపు బట్ట గోల్కొండ కన్నా, ఏ కంపెనీ కన్నా చాలా పాతది. దాదాపు రెండు వేల ఏళ్ళ కిందటి గ్రీకు నావికుల వర్తకపు పుస్తకంలో ఈ ప్రాంతం పేరు మసాలియా. అక్కడ సన్నబట్ట విస్తారంగా నేస్తారని ఒక్క వాక్యం ఉంది. ఆ ఒక్క వాక్యంలో రేవు గొప్పతనం ఊసు లేదు, నేత ఊసు ఉంది.

డచ్చివాళ్ళు 1605 ప్రాంతంలో, ఇంగ్లీషువాళ్ళు 1611లో 'గ్లోబ్' అనే ఓడలో ఇక్కడికొచ్చారు. వాళ్ళకి కావలసింది మిరియాలు, జాజికాయ, లవంగం. అవి దొరికే తూర్పు దీవుల్లో మనుషులకి కావలసింది మన అద్దకపు బట్ట. వెండి ఇస్తామన్నా బట్టే కావాలనేవాళ్ళు చాలామంది. అంటే పాలకొల్లులోనో, నరసాపురం పక్కన మాధవాయిపాలెంలోనో మగ్గం ఆడితేనే ఆ దీవుల్లో సుగంధ ద్రవ్యం దొరుకుతుంది. మాధవాయిపాలెం పేరు ఇంగ్లీషువాళ్ళ నోట్లో పడి 'మదపోలం' అయి, ఒక రకం నూలుబట్టకే పేరయిపోయింది. ఒక పల్లెటూరి పేరు చెప్పి లండన్‌లో బట్ట అడిగేవారన్నమాట. దుకాణాల్లో ఆ పేరు బతికినన్నాళ్ళు ఆ పల్లె మాత్రం బతకలేదు. గోదావరి ఆ చోటుని కోసేసింది.

ఇక నాగులవంచ. ఆ గిడ్డంగి అక్కడ ఎందుకు పెట్టారంటే, నేతగాళ్ళూ రంగుసరుకూ ఉన్నచోటుకు కొనేవాడు వెళ్ళాలి కాబట్టి. బందరులో కూర్చుంటే సరుకు నడిచి రాదు. దలారీలు కావాలి, బయానాలు ఇవ్వాలి, బళ్ళు కట్టాలి, దారిలో సుంకం చౌకీల దగ్గర మాట్లాడుకోవాలి. రేవు అనేది ఈ పనులన్నిటికీ చివరి మెట్టు. చివరి మెట్టును ఫొటో తీసి మేడ అంటున్నాం మనం.

ఊళ్ళతో పాటు రెండోది కూడా కావాలి, అది ఏలేవాడి మాట. బాపట్ల జిల్లాలో మోటుపల్లి ఉంది కదా. అక్కడ కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం చూడండి. తుపానుకి చెదిరి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా వెనకటి రాజులు లాక్కునేవారట. ప్రాణం కన్నా ధనమే ఎక్కువనుకుని సముద్రం మీద సాహసించేవాళ్ళ దగ్గర నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోనని ఆయన రాయించాడు. మోటుపల్లిలో ఆయన గోడ కట్టలేదు, కాలవ తవ్వలేదు. ఒక మాట ఇచ్చి దాన్ని రాతి మీద పెట్టాడు. అక్కడ రేవు వర్ధిల్లింది.

పెడనలో ఒక పూట

రెండో రోజు ముగిశాక అందరూ బెజవాడ బస్సు ఎక్కారు. నేను ఒక రాత్రి ఆగి, మర్నాడు పొద్దున్నే పెడన వెళ్ళాను. బందరు నుంచి పది కిలోమీటర్లు అటూ ఇటూ. సదస్సులో రెండు రోజులు 'కలంకారీ' అనే మాట కనీసం యాభైసార్లు విని ఉంటాను. ఇంత దగ్గరలో ఉన్న పెడన సదస్సు కార్యక్రమంలో లేదు. డచ్చివాళ్ళ సమాధులకి మాత్రం బస్సు పెట్టారు.

ఆ సమాధులు నేనూ చూశాను, చూడాల్సినవే. పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. నల్లటి రాతి పలకల మీద అక్షరాలు లోపలికి తవ్వినట్టు కాకుండా పైకి ఉబ్బెత్తుగా చెక్కారు. వేలు పెట్టి తడిమితే ఒక్కో అక్షరం అంచు ఇప్పటికీ పదునుగా తగులుతుంది. చచ్చిపోయినవాళ్ళ పేర్లు, ఊళ్ళు, తారీఖులు అన్నీ ఉన్నాయి. తనకి చదవడం రాని భాషలో అంత పొందికగా అక్షరాలు తీర్చిన రాతిపనివాడు ఎవరో ఎక్కడా లేదు. అక్కడ నిలబడి నేను ఆ చెయ్యి గురించే ఆలోచించాను.

పెడనలో నేను వెళ్ళిన షెడ్డులో ఆరుగురు పనిచేస్తున్నారు. పొడుగాటి బల్ల మీద గోనెలు పరిచి, పైన కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెట్టిన పసుపుపచ్చని బట్ట వేశారు. ఒకాయన, అరవై ఏళ్ళుంటాయి, టేకు అచ్చుని రంగు తొట్టిలో అద్ది బట్ట మీద పెట్టి పిడికిలితో రెండు దెబ్బలు వేస్తాడు. టప్ టప్. మళ్ళీ పక్కకి. గీత గీతకి సరిగ్గా అతుకుతోంది, కొలబద్ద ఏమీ లేదు. ఇనప తుక్కు, బెల్లం కలిపి రోజుల తరబడి ఊరబెట్టిన నీళ్ళు కరక్కాయ పట్టిన బట్టకి తగలగానే నల్లగా మారిపోతాయి. అది నా కళ్ళ ముందే జరిగింది.

పక్క బల్ల మీద వేరే అచ్చు వేస్తున్నారు. అక్కడ అచ్చు పడుతున్న గుర్తు సరిగ్గా కనబడటం లేదు.

"ఇదేంటండీ, రంగు పడటంలేదు?" అన్నాను.

"రంగు కాదమ్మా, పటిక. ఎర్రది ఎక్కడ రావాలో అక్కడ పటిక వేస్తాం. ఉడకేసినప్పుడు ఎరుపు దాన్నే పట్టుకుంటది, మిగతా చోట నిలవదు" అన్నాడాయన. "కాలవలో ఉతికినాక తెలుస్తది తప్పు ఎక్కడ చేశామో."

ఒకప్పుడు ఆ ఎరుపు ఈ తీరపు ఇసుక నేలల్లో పెరిగే చిరివేరు నుంచి వచ్చేది. ఆ వేరు కోసమే వేరే పటాలం కూలీలు ఉండేవారు. ఇప్పుడు అది దొరకడం లేదు, వేరే ఎరుపు వాడుతున్నారు. పారే నీళ్ళూ ఇబ్బందే. కాలవకి నీళ్ళు వదిలే రోజుల్ని బట్టి పని. అన్నిటికన్నా పెద్ద దెబ్బ స్క్రీన్ ప్రింటు. ఇదే డిజైను ఎక్కడో మిల్లు బట్ట మీద కొట్టేసి కలంకారీ అని పేరు పెట్టి సగం ధరకి అమ్ముతున్నారు.

"మీ పిల్లలు చేస్తున్నారా ఈ పని?" అనడిగాను.

"పెద్దోడు హైదరాబాదులో డెలివరీ చేస్తాడు. చిన్నోడు చదువుతున్నాడు" అన్నాడు. చెయ్యి మాత్రం ఆగలేదు.

"రేవు వస్తే మీకు బాగుంటుందంటున్నారు?"

ఆయన కాసేపు అచ్చుని అలాగే పట్టుకున్నాడు. "వస్తే మంచిదేనమ్మా. మా సరుకు ఓడకి సరిపడేంత ఉంటే కదా" అన్నాడు.

తుపాను మీద నెట్టేశాం

బందరు ఎందుకు పడిపోయిందంటే మనం చిన్నప్పటి నుంచి వినేది ఉప్పెన. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో సుమారు 30 వేల మంది పోయారని లెక్క. ఆ దుఃఖం ఎంతదో 1977 దివిసీమని చూసిన తరానికి చెప్పక్కర్లేదు. దాన్ని తక్కువ చెయ్యాలని నాకు లేదు.

కానీ ఆ రాత్రికి రెండు వందల ఏళ్ళ ముందు నుంచే బందరు జారుతూ వచ్చింది. 1639లో చెన్నపట్నంలో ఇంగ్లీషువాళ్ళకి స్థలం సంపాదించింది ఫ్రాన్సిస్ డే, ఆయన వెనక నిలబడ్డది బందరు గిడ్డంగి పెద్ద ఆండ్రూ కోగన్. అక్కడ బట్ట చవగ్గా దొరుకుతుందనీ, ఇక్కడి అధికారుల వసూళ్ళు పడలేమనీ వాళ్ళ బాధ. రెండేళ్ళలో పెత్తనం అంతా అక్కడికి మార్చేసుకున్నారు. చెన్నపట్నంలో మాత్రం మంచి రేవు ఉందా? బందరు కన్నా ఘోరం, అలల మధ్య పడవలు బోల్తా పడేవి. అయినా వెళ్ళారు. రేవు బాగోగులతో ఊరు తలరాత మారదనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

1687లో గోల్కొండ పడిపోయింది. దాంతో ఆ దారిలో నడిచే బళ్ళకి, ఆ ఓడలకి పెట్టుబడి పెట్టే పెద్దలకి ఆసరా పోయింది. ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1700లో ఒకసారి, 1721లో ఇంకోసారి మన అద్దకపు బట్టని తమ దేశంలోకి రానివ్వకుండా, వాడనివ్వకుండా చట్టాలు చేశాయి. ఆ తర్వాత శతాబ్దంలో మిల్లు బట్ట ఎదురు ప్రయాణం చేసి ఇక్కడికే వచ్చింది. బెజవాడ ఆనకట్ట 1855కి పూర్తయ్యాక డెల్టా వరి డెల్టా అయింది. ఆ అన్నం తిని బతికినవాళ్ళం, కృతజ్ఞత ఉంది. కానీ ఆ ధాన్యం పోవడానికి ముందు కాలవలు, తర్వాత రైలు దొరికాయి. కృష్ణ మీద రైలు వంతెన పడ్డాక బెజవాడ కూడలి అయింది, బందరు ఒక కొస అయింది.

ఉప్పెన వచ్చేనాటికి రేవుకి లోపల బలం లేదు. ఒంట్లో బలం ఉన్నవాడు జ్వరం నుంచి లేస్తాడు. బందరు లేవలేకపోయింది.

నా సందేహాలు

ఇదంతా రాశాక నాకే కొన్ని అడ్డుపడుతున్నాయి.

మొదటిది విశాఖపట్నం. అక్కడ రేవే కదా నగరాన్ని చేసింది? 1933లో రేవు తెరిచేనాటికి అది చిన్న ఊరు. రేవు వచ్చాక అన్నీ వచ్చాయి. దీనితో చాలా రోజులు గింజుకున్నాను. ఆఖరికి అర్థమైందేమిటంటే, అక్కడ కూడా రేవుకి రెండేళ్ళ ముందే రాయపూర్-విజయనగరం రైలుదారి పూర్తయింది. నేటి మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ వైపున్న మధ్యపరగణాల మాంగనీసు ఖనిజానికి సముద్రం కావాలి, అందుకని రేవు తవ్వారు. ఖనిజం ముందు, రేవు తర్వాత. అయినా ఒప్పుకుంటాను, ఒకసారి రేవు వచ్చాక అది ఇంకా ఎన్నో పరిశ్రమల్ని తన దగ్గరికి లాక్కుంది. ఆ మేరకు నా వాదనకి పగులు ఉంది. రేవు కూడా వెనకూళ్ళని పుట్టించగలదు, అయితే ఆ పుట్టించే పని ఎవరో పూనుకుని చెయ్యాలి.

రెండోది ఇంకా గట్టిది. సదస్సులో నా పక్కన కూర్చున్న స్థానిక అధ్యాపకురాలు ఒకరికి నా అభిప్రాయం చెబితే ఆవిడ కొంచెం నొచ్చుకున్నారు. "మేడం గారూ, మీరు ఖమ్మంలో ఉండి చెబుతారు. ఆదివారం సాయంత్రం మా బస్టాండుకి రండి ఒకసారి. హైదరాబాదు బస్సులన్నీ మా పిల్లలతోనే నిండుతాయి. ఏదో ఒకటి వస్తే చాలనుకుంటాం మేం. 2008లో శంకుస్థాపన చూశాం, 2019లో చూశాం, 2023లో చూశాం. ఇప్పుడు నిజంగా పని జరుగుతుంటే మీరు సందేహాలు చెబితే ఎలా?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. నలభై ఏళ్ళుగా ఎదురుచూస్తున్నవాళ్ళ ముందు నిలబడి ఇది చాలదు అనడం సులువు కాదు. రేవు వద్దని నేను అనడంలేదు. రావాలి. డ్రెడ్జరు తవ్వి పోస్తున్న ఆ బురద మూడు వందల ఏళ్ళు మూటలు మోసినవాళ్ళ మెడలు వంచిన బురద, అది పోతే నాకూ సంతోషమే. రేవుతో పని అయిపోయిందని అనుకోకూడదనే నా బాధ.

మూడోది, వైభవం అన్న మాట. ఎవరి వైభవం? 1630ల మొదట్లో వచ్చిన కరువులో ఈ తీరంలో నేతగాళ్ళు మగ్గాల దగ్గరే చచ్చిపోయారని కంపెనీ గుమాస్తాలే ఉత్తరాలు రాశారు. వాళ్ళ దిగులు సరుకు అందదని. ముందు బయానా ఇచ్చి నేతగాణ్ణి కట్టేసుకోవడం, బట్టలో తప్పు పట్టి ధర కోయడం అప్పటి రోజువారీ పద్ధతి. పెడనలో నేను చూసిన పెద్దాయన తాతల తాతలకి ఆ వైభవంలో ఎంత దక్కిందో మనకి తెలుసు. కాబట్టి ఆ రోజులు మళ్ళీ రావాలని నేను కోరుకోను. ఆ పనితనం ఉండాలి, ఈసారి దాని డబ్బు ఆ చేతికే రావాలి. ఇది అత్యాశ అయితే అత్యాశే.

మొదటి దశలో నాలుగు బెర్తులంటున్నారు. ఆ నాలుగింటికీ బయటి సరుకు దొరుకుతుంది, బొగ్గు ఎక్కడైనా దిగుతుంది. అయితే పెడన అద్దకానికి పారే నీళ్ళెక్కడ, చిలకలపూడి గిల్టు నగల పనివాళ్ళ సరుకుకి బయటి కొనుగోలుదారుణ్ణి ఎవరు చూపిస్తారు, గిలకలదిండి ఆవిడ చేపకి మంచు గది ఎప్పుడు, ఈ డెల్టా బియ్యం ఇక్కడి మిల్లుల నుంచి ఇక్కడి ఓడలోకే ఎక్కుతుందా? వీటి మీద రెండు రోజుల సదస్సు ఎవరైనా పెడితే నా ఖర్చుతో వస్తాను. రేవు పనికి ఒక రూపాయి పెట్టినప్పుడు వెనకూళ్ళ పనికి పావలా అన్నా పెట్టాలని అడగడం అభివృద్ధికి అడ్డుపడటమా?

వెనక వరసలోంచి లేచిన ఆ అమ్మాయి సదస్సు చివర్లో నా నంబరు తీసుకుంది. వారం తర్వాత ఫోన్ చేసింది. "మేడం, ప్రాజెక్టు వర్కు చెయ్యాలి. మా ఊరి నుంచి బయటికి ఏమేం వెళ్తున్నాయో రాద్దామనుకుంటున్నాను. ఆ లెక్క ఎక్కడ దొరుకుతుంది?" పుస్తకాల్లో వెతకొద్దు, పెడనలో పార్సిల్ ఆఫీసు ముందు ఒక పూట కూర్చో, మూటల మీద రాసిన ఊళ్ళ పేర్లు రాసుకో అన్నాను.

మొన్న ఆదివారం వెళ్ళొచ్చి ఫొటో పంపింది. గోనెలో చుట్టి కుట్టిన మూటలు, వాటి మీద నల్ల మార్కరుతో పెద్ద అక్షరాలు. జైపూర్, అహ్మదాబాద్, కోల్‌కతా, ఢిల్లీ, మళ్ళీ జైపూర్. కింద తను ఒక్క వాక్యం రాసింది: "మేడం, లారీలన్నీ బెజవాడ వైపే తిరిగి ఉన్నాయి."